డార్జిలింగ్‌లో కాంచనగంగ కనిపించాలంటే

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో జులైలో డార్జిలింగ్ వెళ్తే కాంచనగంగ కనిపిస్తుందా అని అడిగారు. జులైలో ఆశ పెట్టుకోకండి. వానాకాలమంతా మబ్బులే, పైగా కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతుంటాయి. టిక్కెట్లు మార్చుకునే వీలుంటే అక్టోబరు చివరికో నవంబరు మొదటికో జరపండి. ఆ తర్వాతైతే చలి ముదిరి తేయాకు కోత ఆగిపోతుంది.

టైగర్ హిల్ సూర్యోదయం కోసం అమ్మగారిని తెల్లవారుజామున నాలుగింటికి లేపి, ఆ చలిలో, ఆ జనంలో నిలబెట్టడం నాకైతే నచ్చదు. ఊరి నడిబొడ్డున చౌరస్తా అనే కూడలి ఉంది, దాని దగ్గర బస చేయండి. అక్కడికి బళ్లు రానివ్వరు కాబట్టి, కారు దిగాక ఎంత దూరం నడవాలో, ఎన్ని మెట్లు ఎక్కాలో హోటల్ వాళ్లను ముందే అడగండి. చౌరస్తా నుంచి అబ్జర్వేటరీ హిల్‌ను చుట్టివచ్చే మాల్ రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది. ఉత్తరం వైపు బెంచీ మీద కూర్చుంటే 8,586 మీటర్ల శిఖరం ఎదురుగానే ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, పొద్దెక్కేకొద్దీ మబ్బు కమ్మేస్తుంది.

న్యూ జల్పాయిగురి రైల్వే స్టేషన్ నుంచి జీపులో రండి. బొమ్మరైలుకు దాదాపు రోజంతా పడుతుంది. ఆ సరదా డార్జిలింగ్ నుంచి ఘుమ్ స్టేషన్ దాకా వెళ్లొచ్చే జాయ్ రైడ్‌తో తీరుతుంది.

టీ పొడి కొంటే కొద్దిగానే కొనండి. మన ఇరానీ చాయ్‌కి అది పనికిరాదు, పాలు పోస్తే దాని పరిమళమంతా పోతుంది.