జావ కాదమ్మా, జావా

చిరంజీవి అమ్మాయికి,

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో లారీ తోలిన తాతగారి మీద రాసిన నీ వ్యాసం, దాంతోపాటు పంపిన ఆయన మాటల రికార్డింగు, రెండూ అందాయి. వ్యాసం ఒకసారి చదివాను గానీ రికార్డింగు మూడుసార్లు విన్నాను. మొన్న రాత్రి కరెంటు పోతే చీకట్లో కూచుని మళ్ళీ పెట్టాను, మీ అత్తయ్య విసుక్కుంది.

ముందు జావ సంగతి చెప్తాను. "సింగపూర్ పతనమైన రోజుల్లో తిండి దొరక్క జావ తాగి బతికారు" అని రాశావు. చదివేవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి, కాదనను. కానీ ఆ ముక్క దగ్గర మళ్ళీ విను. తాతగారు అన్నది "సింగపూరెళ్ళాం, ఆ పైన జావా మీద పడ్డాం" అని. దీర్ఘం గట్టిగానే వినపడుతోంది. అది రాగిజావ కాదు తల్లీ, ఇండోనేషియాలోని జావా ద్వీపం. పోతే, పతనం అన్న మాట ఆయన నోట రానేలేదు, అది నువ్వు కలిపింది.

నీ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నాకూ ఆయన మీద అనుమానమే వచ్చింది, దాచుకోవడం దేనికి. ఈజిప్టులో ఎల్ అలమేన్, మన ఈశాన్యాన కొహిమా, సింగపూర్, ఈ మూడుచోట్లా ఉన్నది ఒక్క మనిషా? సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది 1942 ఫిబ్రవరి 15న. అక్కడ పట్టుబడ్డ సిపాయి అదే ఏడు జులైలో ఈజిప్టు ఎడారిలో లారీ ఎలా తోలతాడు? పెద్దాయన కోతలు కోస్తున్నారులే అనుకున్నాను. జావా అన్న మాట చెవిన పడ్డాక గానీ బుద్ధి రాలేదు. 5వ ఇండియన్ డివిజన్ అని ఒకటుంది. 1942 జులైలో ఎల్ అలమేన్ దగ్గర ఉంది, 1944లో దాని 161వ బ్రిగేడ్ కొహిమాలో పోరాడింది, జపాన్ లొంగిపోయాక 1945 సెప్టెంబరులో సింగపూర్‌లో దిగింది, అక్కణ్ణుంచి నవంబరులో జావాలోని సురబయకి వెళ్ళింది. తాతగారు చెప్పిన వరస సరిగ్గా ఇదే. ఆయన చూసిన సింగపూర్ ఓడిపోయినప్పటిది కాదు, మళ్ళీ చేతికొచ్చినప్పటిది.

దీంతో రుజువైపోయిందని సంబరపడకు. అలా జరగడానికి వీలుందని తేలింది, అంతవరకే. అదే మాట అలాగే రాయాలి.

ఇక నీ ప్రశ్నలు. "తాతగారూ, సింగపూర్ పడిపోయినప్పుడు మీరక్కడే ఉన్నారా?" "ఆయ్." "చాలా కష్టాలు పడ్డారు కదా?" "ఆయ్." మన గోదావరి వాళ్ళ ఆయ్ గురించి నీకు నేను చెప్పాలా, పొద్దున్న లేస్తే నువ్వూ అంటావు. అది ఒప్పుకోలు కానక్కర్లేదు, సగంసార్లు "వింటున్నానండి, కానివ్వండి" అనే. ఇంటికొచ్చిన ఆడపిల్ల, అదీ పేపర్లో రాసే పిల్ల, అడుగుతుంటే కాదనడం మర్యాద కాదని పెద్దాయన ఆయ్ అంటూ పోయారు.

నేనూ ఇలాగే దెబ్బతిన్నవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట కోనసీమలో ఒక పెద్దాయన్ని "బర్మాలో జపాన్ వాళ్ళతో పోరాడారా?" అని అడిగాను, ఆయన ఆయ్ అన్నారు, నేను అరపేజీ బర్మా అడవులు, వానలు, జలగలు అన్నీ దించేశాను. పేపరు వచ్చిన నాలుగు రోజులకి ఆయన కొడుకు ట్రంకుపెట్టె అడుగు నుంచి డిశ్చార్జి బుక్కు తీసి పట్టుకొచ్చాడు. సర్వీసంతా ఇరాక్‌లోని బస్రాలో, వంటశాలలో. బర్మా గడ్డ మీద అడుగే పెట్టలేదు. ఎందుకండీ చెప్పలేదు అంటే, "తమరంత ముచ్చటపడి అడుగుతుంటేనూ" అన్నారు! ఆ వంటశాల గురించి అడిగి ఉంటే ఎన్ని చెప్పేవారో. మళ్ళీ వెళ్ళేసరికి ఆయన లేరు.

అందుకని ఆయ్‌తో తప్పించుకోలేని ప్రశ్నలు వెయ్యి. లారీలో ఏం లోడు వేసేవాళ్ళు, రొట్టె ఎవరు కాల్చేవాళ్ళు, అన్నం దొరికేదా, ఇంటికి ఉత్తరం ఎవరిచేత రాయించారు, ఇలాంటివి. ఇంకోటి, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతోపాటు మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఆ కబురు ఎక్కడుండగా తెలిసిందో అడుగు. ఊళ్ళో ఉన్నవాడి జవాబు ఒకలా ఉంటుంది, సర్వీసులో ఉన్నవాడిది ఇంకోలా ఉంటుంది.

వయసు దగ్గర కంగారు పడ్డట్టున్నావు. డిశ్చార్జి బుక్కులో 1941లో చేరేనాటికి పద్దెనిమిదేళ్ళని ఉంది, ఆయనేమో రక్తాక్షిలో పుట్టానంటున్నారు. రక్తాక్షి అంటే 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా, అంటే చేరేనాటికి పదహారో పదిహేడో. సైన్యంలో చేరాలని వయసు పెంచి చెప్పిన కుర్రాళ్ళు ఆ రోజుల్లో బోలెడుమంది. కాబట్టి కాగితం ఒకటి చెప్పిందని మనిషిని కొట్టిపారెయ్యకు, మనిషి ఇంకోటి చెప్పారని కాగితాన్ని దాచకు. రెండూ రాయి, నీకేది సబబుగా తోచిందో, ఎందుకు తోచిందో చెప్పు.

ఆ బుక్కు 86 వరదల్లో తడిసి మొదటి పేజీ ఒక్కటే మిగిలిందన్నావు. నంబరు చదవగలుగుతున్నావుగా, అది చాలు. వాళ్ళ అబ్బాయిచేత దరఖాస్తు పెట్టించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన కోర్, అంటే ఆయన పనిచేసిన సైనిక విభాగం, రికార్డు ఆఫీసుకి రాయించు. జవాబు ఎప్పుడొస్తుందంటే చెప్పలేను, తిరగాల్సిందే. మెడల్ చూసి మురిసిపోకు, వార్ మెడల్ యుద్ధకాలంలో ఎక్కడైనా సరే 28 రోజులు పనిచేస్తే వచ్చేది. బర్మా పోరాటానికి ఇచ్చిన బర్మా స్టార్ మెడల్ ఉందేమో చూడు, కొహిమాకి అది రావాలి. అయితే మెడల్సు సంతలోనూ దొరుకుతాయి, అదీ గుర్తుంచుకో. ఈలోగా ఎవరైనా 1945 నాటి కాగితమని చూపిస్తే, అందులో ఆంధ్రప్రదేశ్ అని ఉంటే, నమస్కారం పెట్టి లేచొచ్చెయ్. 1956 దాకా ఆ రాష్ట్రమే లేదు.

శీర్షిక మాత్రం మార్చాల్సిందే. "డెల్టాలో చివరి యోధుడు" అట! ఎవరు లెక్కపెట్టారు? తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు, కనీసం అక్కడికైనా వెళ్ళి కనుక్కున్నావా? ఈ చివరి అన్న మాటతో పెద్దపెద్దవాళ్ళే బోల్తాపడ్డారు. అమెరికా అంతర్యుద్ధంలో ఆఖరి సిపాయి అని 1959లో వాల్టర్ విలియమ్స్‌ని దేశమంతా గౌరవించి సాగనంపింది. 1860 జనాభా లెక్కలు తీసి చూస్తే అప్పటికి అతనికి ఐదేళ్ళు. ఇంకోవైపు ఫ్లోరెన్స్ గ్రీన్ అనే బ్రిటిష్ ఆవిడ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో వైమానిక దళం మెస్‌లో ఆఫీసర్లకి వడ్డించిన పిల్ల, నూరేళ్ళు దాటాక 2010లో ఎవరో రికార్డు బయటికి తీస్తే గానీ ఆవిడ లెక్కలోకే రాలేదు. 2012లో పోయేనాటికి ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళలో మిగిలింది ఆవిడేనన్నారు. మనూళ్ళలో అలాంటి వంటవాళ్ళు, డ్రైవర్లు, చాకలివాళ్ళు ఎంతమంది ఎవరూ అడక్కుండా అరుగుల మీద కూచుని ఉన్నారో!

"మాకు తెలిసినంతలో" అని వేసుకో. శీర్షిక పొడుగైతే అయ్యింది.

వచ్చే ఆదివారం వెళ్తానన్నావుగా, పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నమైతే ఆయన నిద్రపోతారు. రికార్డింగులో మనవడు గట్టిగా అరిచిన ప్రతిసారీ "ఇటు రా, ఇటు" అంటున్నారు చూడు, ఆయనకి ఒక చెవే పనిచేస్తున్నట్టుంది. అది ఏ వైపో కనుక్కుని అటు కూచో.

ఆశీస్సులతో,
మీ మావయ్య