వంజరం వేటకు దిగే ముందు

అబ్బాయ్,

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఈటెతో వంజరం వేటాడాలని ఉందన్నావు. అక్కడ స్నార్కెల్‌తో (నోట పెట్టుకునే గాలి గొట్టం), ఊపిరి బిగబట్టే దిగాలి. స్కూబా (గాలి సిలిండర్) కట్టుకుని స్పియర్‌గన్ (ఈటెను వదిలే గన్) వాడితే నేరం. 75 సెం.మీ. లోపు చేప జోలికి పోకు. వంజరం పట్టకూడని రోజులు కూడా ఉంటాయి, బయల్దేరే ముందు చూసుకో.

1.3 మీటర్ల గన్, 7.5 మి.మీ. ఈటె సరిపోతాయి. మొనకు మాత్రం స్లిప్‌టిప్ (చేపలో దిగాక ఈటె నుంచి విడిపోయే మొన) పెట్టు. వంజరం మాంసం మెత్తన. మామూలు మొన పొట్టలో దిగితే మొదటి పరుగుకే చీలి ఊడొస్తుంది. ఆ చేప నీకు దక్కదు, బతకనూ బతకదు. స్లిప్‌టిప్ అయితే అవతలి పక్క అడ్డం తిరిగి పట్టుకుంటుంది. గన్‌కు 25 మీటర్ల తేలే తాడు, దాని చివర ఫ్లోట్ కట్టు. నువ్వు నీళ్లలో దిగాకే గన్ లోడ్ చెయ్యాలి, పడవలో ఎప్పుడూ వద్దు.

చేప కనిపించగానే ఎదురుగా ఈదావా, వెళ్లిపోతుంది. దాని వైపు చూడనట్టు పక్కకు తిరిగి, కాళ్ల ఫిన్స్ ఆపి, నెమ్మదిగా దిగు. వింత చూడ్డానికి అదే చుట్టూ తిరిగి వస్తుంది. అప్పుడూ తొందరొద్దు. నీళ్లలో మాస్క్‌లోంచి 4 మీటర్ల దూరం 3 మీటర్లలా కనిపిస్తుంది. కొత్తవాళ్ల ఈటె అందకపోవడానికి సగం కారణం ఇదే. పక్క పూర్తిగా నీ వైపు తిరిగాక, మొప్ప వెనక, మధ్య గీతకు కాస్త పైన కొట్టు. వెన్నెముకకు తగిలితే అక్కడికక్కడే ఆగిపోతుంది.

వెన్నెముకకు తగలకపోతే ఈటెతోనే పరుగు తీస్తుంది. తాడు వేళ్ల మధ్య జారనివ్వు, బిగించి లాగావంటే మాంసం చీలుతుంది. మణికట్టుకు చుట్టుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఊపు తగ్గాక ఆపకుండా లాగు, ఆలస్యమైతే సొరచేపలు వస్తాయి.

నువ్వూ నీ తోడు వచ్చినవాడూ ఒకేసారి కిందికి దిగకండి. ఒకడు కింద ఉంటే ఇంకొకడు పైన చూస్తుండాలి, పైకొచ్చాక కూడా అర నిమిషం కళ్లు తిప్పకూడదు. ఊపిరాడక స్పృహ తప్పేది ఎక్కువగా పైకి చేరుతున్నప్పుడు, చేరిన వెంటనే. దిగే ముందు గబగబా ఊపిరి పీల్చడం దానికి పెద్ద కారణం. కింద ఉన్నంతసేపటికి రెండింతలైనా పైన విశ్రాంతి తీసుకో.

చేపను మొప్పల్లో చెయ్యి పెట్టి పట్టుకో, నోటి దగ్గరికి వేళ్లు పోనివ్వకు, పళ్లు బ్లేడులా కోస్తాయి. కత్తి మొనతో మెదడులో పొడిచి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, వెంటనే ఐసులో పెట్టు. ఎండలో వదిలేస్తే హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం చేరుతుంది, వండినా పోదు. పగడపు దిబ్బల దగ్గరి తిండి నుంచి చేపల్లో చేరే సిగువటెరా విషమూ అంతే, పులుసు ఎంత మరిగించినా పోదు, ఐసు కూడా ఆపలేదు. పెద్ద చేపల్లో అది ఉండే ప్రమాదం ఎక్కువ. అందుకే క్వీన్స్‌లాండ్‌లోని ప్లాటిపస్ బేలో వంజరం పట్టనివ్వరు. మిగతా చోట్ల కూడా 20 కిలోలది కనిపించినా కొట్టకుండా వదిలేసి, 8 కిలోలదాన్ని ఇంటికి తీసుకెళ్లు.