ఏడు సాఫ్ట్‌వేర్ల ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఆర్క్ మూడో సంవత్సరం చదువుతోంది. ఈ సెలవుల్లో రెండరింగ్ నేర్చుకుంటానంటోంది. ఫ్రెండ్స్ అంతా లూమియన్ అంటున్నారట. వీ-రే వస్తేనే ఉద్యోగమని ఒక సీనియర్ చెప్పాడట. దగ్గర్లోని ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో ఆరు నెలల్లో ఏడు సాఫ్ట్‌వేర్లు నేర్పి, ప్లేస్‌మెంట్ కూడా ఇప్పిస్తామంటూ 85 వేలు అడుగుతున్నారు. తన ల్యాప్‌టాప్‌లో 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. కొత్తది కొనాలంటే లక్ష దాటుతుందట. ఏది నేర్పించమంటారు? చదువయ్యాక ఈ పనిలోనే స్థిరపడొచ్చా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్తానమ్మా. ఆ 85 వేలు కట్టకండి. లక్ష పెట్టి ల్యాప్‌టాప్ కూడా ఇప్పుడే కొనకండి. ఈ సెలవుల్లో మీ అమ్మాయి మొదలుపెట్టడానికి కావలసినవి ఉచితంగానే దొరుకుతాయి. ఇక ఏది నేర్చుకోవాలన్నది, ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదని వాదించుకుంటే తేలే విషయం కాదు. ఆ బొమ్మ ఎవరికి చూపించాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఆ ఆఫీసులో మోడల్ దేంట్లో చేస్తారు అన్నవి తెలిస్తే సగం పేర్లు వాటంతటవే పక్కకు పోతాయి.

మీకోసం ఒక్క మాట. మీ అమ్మాయి కంప్యూటర్లో తయారుచేసిన త్రీడీ మోడల్ మీద వెలుతురు ఎలా పడుతుందో లెక్కకట్టి, ఫొటోలాంటి బొమ్మ తీయడమే రెండరింగ్. ఆ లెక్కను ఓపిగ్గా చేసేవి ఒక రకం. వీ-రే, కొరోనా (పేరు చూసి కంగారుపడకండి, జబ్బు కంటే ముందే పుట్టింది), బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే సైకిల్స్ ఈ కోవలోవి. కాంతి గోడకు తగిలి, నేలకు తగిలి, ఎటెటు వెళ్తుందో వెంటపడి చూస్తాయి కాబట్టి ఒక్క బొమ్మకే నిమిషాలు కాదు, కొన్నిసార్లు గంటలు పడుతుంది. రెండో రకం వీడియో గేముల పద్ధతిలో నడుస్తుంది. లూమియన్, ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్, డీ5, అన్‌రియల్ ఇంజిన్ అలాంటివి. కెమెరా ఎటు తిప్పితే అటు బొమ్మ అప్పటికప్పుడు మారుతుంది. ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వాక్‌త్రూ వీడియోలు ఎక్కువగా వీటిలోనే చేస్తారు. ఈ రెండింటి మధ్య గీత ఇప్పుడు పల్చబడుతోంది. లూమియన్ కూడా 2023 వెర్షన్‌తో రే ట్రేసింగ్ (మొదటి రకంలా కాంతి వెంటపడి లెక్కకట్టే పద్ధతి) తెచ్చింది. ఎన్‌స్కేప్ 2022లో వీ-రే తయారుచేసే కేయాస్ కంపెనీలో కలిసిపోయింది. కొరోనాను ఆ కంపెనీ 2017లోనే కొనేసింది.

ఇప్పుడు పని ఎక్కడుందో చూద్దాం. కాకినాడలోనో భీమవరంలోనో 200 గజాల్లో ఇల్లు కట్టుకునే ఆయన అడిగేది 'ఎలివేషన్'. వాస్తు చూసి ప్లాన్ ఖాయం చేసుకున్నాక, ముందు భాగం ఎలా ఉంటుందో సాయంత్రానికి వాట్సాప్‌లో రావాలి. వచ్చాక ఇంట్లో ఒకరు రంగు మార్చమంటారు, ఇంకొకరు బాల్కనీకి గ్లాస్ వద్దు, స్టీల్ రెయిలింగ్ పెట్టమంటారు. రాత్రి పదింటికి మళ్లీ ఫోను. ఇక్కడ ఒక్కో బొమ్మకు రెండు గంటలు కూర్చుంటే పని సాగదు. స్కెచప్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి లూమియన్‌లోనో ఎన్‌స్కేప్‌లోనో డీ5లోనో గబగబా తీసి పంపాల్సిందే. మీ అమ్మాయి ఫ్రెండ్స్ చెప్పేది ఈ పని గురించే. కాలేజీ సబ్మిషన్లకూ ఇదే సరిపోతుంది.

ఇంటీరియర్ కంపెనీల దారి కాస్త వేరు. అక్కడ మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్, టీవీ యూనిట్ ఇవే పదే పదే వస్తాయి. స్కెచప్ లోపలే వీ-రే గానీ ఎన్‌స్కేప్ గానీ పెట్టుకుని చేస్తారు. క్లయింట్ చేతిలో లామినేట్ కేటలాగ్ ఉంటుంది. బొమ్మలో చూసిన షేడ్, బిగించిన షట్టర్ షేడ్ ఒకటి కాకపోతే గొడవే. బొమ్మకు పసుపు లైటు ఎక్కువైతే తెల్ల లామినేట్ కాస్తా క్రీమ్ రంగులో కనిపిస్తుంది. అందుకని ఇక్కడ వేగం కంటే రంగు నిజాయితీ ముఖ్యం.

సీనియర్ చెప్పింది మూడో రకం పని. కోకాపేట, నార్సింగి వైపు లేచే టవర్లకు బ్రోషర్లు, హోర్డింగులు చేసే స్టూడియోలు ఉంటాయి. బొమ్మ ఒక్కటే అయినా బస్సంత సైజులో ప్రింటవుతుంది, లోపం ఉంటే రోడ్డు మీద వెళ్లేవాళ్లకూ కనిపిస్తుంది. త్రీడీఎస్ మ్యాక్స్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీ-రే, కొరోనా ఎక్కువగా నడిచేది ఇక్కడ. పెద్ద ఆర్కిటెక్చర్ ఆఫీసుల్లో, విదేశీ ప్రాజెక్టులు తీసుకునే చోట మోడల్ రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది కాబట్టి దానికి నేరుగా అతుక్కునే ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్ వాడతారు. చూశారా, సీనియరూ ఫ్రెండ్సూ ఇద్దరూ తమకు తెలిసిన పనిని బట్టి సరిగ్గానే చెప్పారు.

మరి మీ అమ్మాయి దేంతో మొదలుపెట్టాలి? నా ఓటు నెమ్మది రకానికి, అందులోనూ బ్లెండర్‌కు. మన ఆఫీసుల ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు తక్కువే కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. స్కెచప్ అలవాటైన చేతికి మొదటి రెండు వారాలు విసుగు కూడా పుట్టిస్తుంది. అయినా ఎందుకంటే, వెలుతురు, మెటీరియల్, కెమెరా గురించి అక్కడ నేర్చుకున్నది వీ-రేలోకి అలాగే వెళ్తుంది. బటన్లు వేరు, సూత్రం ఒకటే. లూమియన్‌లో మొదలుపెడితే చెట్టు, కారు, ఆకాశం లైబ్రరీలోంచి లాగి పెట్టగానే బొమ్మ మెరిసిపోతుంది. ఎందుకు మెరిసిందో తెలియదు, తర్వాత బొమ్మ తేలిపోయినప్పుడు ఎందుకు తేలిపోయిందో కూడా తెలియదు. వేగం రకం సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసులో చేరాక వారం పది రోజుల్లో అందుకోవచ్చు.

ఇంకో కారణం లైసెన్సు. ఆటోడెస్క్ తన త్రీడీఎస్ మ్యాక్స్, రెవిట్‌లను విద్యార్థులకు ఏడాదికోసారి రెన్యూ చేసుకునేలా ఉచితంగా ఇస్తుంది. కానీ అది చదువు కోసమే. ఆ లైసెన్సుతో తెలిసినవాళ్ల ఇంటికి ఎలివేషన్ చేసి డబ్బు తీసుకోకూడదు. బ్లెండర్‌కు ఆ పేచీ లేదు. దాన్ని నడిపిన కంపెనీ మూతపడ్డాక, 2002లో వాడకందార్లే ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి అందరికీ ఉచితం చేయించారు. ట్విన్‌మోషన్ కూడా ఏడాదికి పది లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితం. మీ అమ్మాయి అంతకు మించి సంపాదించే రోజు వస్తే అప్పుడు కడుతుంది లెండి. క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తామనేవాళ్లు ప్రతి హాస్టల్లో ఉంటారు. వైరస్ వచ్చి సబ్మిషన్ ముందు రోజు ఫైళ్లన్నీ పోతే వాళ్లు బాధ్యత తీసుకోరు. రేపు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అలాంటిది వేస్తే ఉద్యోగానికే ముప్పు.

సెలవులకు ఒకే ఒక్క పని పెట్టుకోమనండి. కాకినాడలో మీ ఇంటి హాలునే తీసుకోమనండి. టేపు పట్టుకుని కొలవాలి. ఉదయం పదింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి చొప్పున ఒకే చోట నిలబడి ఫొటోలు తీయాలి. తర్వాత ఆ హాలును మోడల్ చేసి, రెండర్ ఆ ఫొటోలకు ఎంత దగ్గరగా వస్తుందో చూడాలి. మొదటిసారి రాదు. ఎందుకు రాలేదో వెతికేటప్పుడే అసలు చదువు మొదలవుతుంది. నేలమీద రెండడుగుల టైల్స్ ఉంటే పన్నెండు అడుగుల గోడ పొడవునా ఆరు రావాలి, రెండర్‌లో నాలుగే ఉంటే గది బొమ్మరిల్లులా కనిపిస్తుంది. టీపాయ్ అంచు కత్తిలా ఉంటే అది కంప్యూటర్ బొమ్మని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నిజం అంచు రెండు మూడు మిల్లీమీటర్లు గుండ్రంగా ఉంటుంది, అక్కడే కాంతి మెరుస్తుంది. స్కర్టింగ్, స్విచ్‌బోర్డు, కిటికీ గ్రిల్ నీడ, ఫ్యాను పక్కన సీలింగ్ మీద మసక మరక ఇవన్నీ ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోవాలి. ఆఖరికి ఫొటో, రెండర్ పక్కపక్కన పెట్టిన ఒక్క పేజీ పోర్ట్‌ఫోలియోలో ఉంటే, ఆఫీసులో చూసేవాళ్లు అక్కడ ఆగుతారు. యూట్యూబ్ ట్యుటోరియల్ చూసి చేసిన అవే స్విమ్మింగ్‌పూల్ విల్లాలు వాళ్లు చాలా చూశారు.

ఎండ విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బీఆర్క్ పిల్లలు కూడా ఇక్కడ తప్పులో కాలేస్తారు. స్కెచప్‌లో ఊరు సెట్ చేయకపోతే అది తన సొంత ఊరైన అమెరికాలోని బౌల్డర్ అనుకుని నీడలు వేస్తుంది. ఆ ఊరు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. కాకినాడ 17 డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం మనకు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. అంటే జూన్ ఎండకు తడిసేది ఉత్తరం గోడ. బౌల్డర్ నీడలతో రెండర్ తీస్తే ఉత్తరం గోడ చల్లగా నీడలో కనిపిస్తుంది, ఇంటాయన అటు సన్‌షేడ్ ఎందుకు దండగ అంటాడు. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ముందు ఊరు, తేదీ, ఉత్తర దిక్కు. ఇది తెలిసిన విజువలైజర్‌కూ (రెండర్లు చేసేవాళ్లను అలా అంటారు) తెలియనివాడికీ తేడా ఆర్కిటెక్టులు ఇట్టే పట్టేస్తారు.

స్థిరపడొచ్చా అని అడిగారు. స్థిరపడొచ్చు, కానీ డిగ్రీని మధ్యలో నిర్లక్ష్యం చేసి కాదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోగలరు. విజువలైజర్‌కు అలాంటి నియమం లేదు. ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లు, మల్టీమీడియా నేర్చుకున్నవాళ్లు, డిప్లొమా పిల్లలు అందరూ ఈ పనిలోకి వస్తారు, వాళ్లలో చాలామంది అద్భుతంగా చేస్తారు. మీ అమ్మాయికి వాళ్లకు లేని బలం ఒకటుంది. డ్రాయింగ్ చదవగలదు. సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) చూసి బీమ్ ఎక్కడ కిందికి దిగుతుందో చెప్పగలదు. అయిదేళ్లు పూర్తిచేసి రెండరింగ్ చేతిలో పెట్టుకుంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

ఏఐ వచ్చి ఈ పని మింగేస్తుందేమో అని మీకు టెన్షన్ ఉండే ఉంటుంది. తొలి దశ ఐడియా బొమ్మలు ఇప్పటికే ఏఐతో నిమిషాల్లో చేస్తున్నారు. లైబ్రరీలోంచి చెట్లూ కార్లూ పెట్టడం తప్ప ఇంకేమీ రానివాళ్లకు గడ్డుకాలమే. కానీ ప్లాన్‌లో నాలుగడుగులున్న కిటికీని ఏఐ బొమ్మ అందం కోసం ఆరడుగులు చేసేస్తే ఎవరు పట్టుకోవాలి? బ్రోషర్ల విషయంలో ఇది చట్టం దాకా వెళ్తుంది. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ చూడండి. ప్రకటనలో, ప్రాస్పెక్టస్‌లో ఇచ్చిన తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు తప్పుకోవాలనుకుంటే కట్టిన డబ్బంతా వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. ప్లాన్‌లో లేని పార్కును బొమ్మలో పచ్చగా గీసే విజువలైజర్ బిల్డరుకు మేలు చేస్తున్నట్టు కాదు. ఆమోదం పొందిన డ్రాయింగ్ పక్కన పెట్టుకుని, 'సార్, ఇక్కడ ఇది లేదు' అని చెప్పగలిగే మనిషి ఆ స్టూడియోలకు కావాలి.

చదువుకుంటూనే చిన్న పనులు ఒప్పుకుంటే, ఒకటే రేటు చెప్పకుండా ఎన్ని కరెక్షన్లకు ఎంత అన్నది ముందే మెసేజ్‌లో రాయించుకోమనండి. సగం అడ్వాన్స్ తీసుకోమనండి. బంధువులైనా సరే, ముఖ్యంగా బంధువులైతే.

ఇన్‌స్టిట్యూట్‌కు ఒకసారి వెళ్లి చూడాలనే ఉంటే వెళ్లండి. పాత విద్యార్థి చేసిన రెండర్ ఒక్కటి, దాని ఒరిజినల్ ఫైలుతో సహా స్క్రీన్ మీద తెరిచి చూపించమని అడగండి. గోడ మీది ఫ్లెక్సీలో ఉన్న బొమ్మలు లెక్కలోకి రావు. ప్లేస్‌మెంట్ ఎక్కడిచ్చారో, అక్కడ చేసేది రెండరింగా లేక ఆటోక్యాడ్ డ్రాఫ్టింగా అడగండి. ఏడు సాఫ్ట్‌వేర్లలో ఒక్కటే విడిగా నేర్పుతారా, ఫీజు ఎంత అని కూడా అడగండి. ఆ ఒక్కటి వీ-రే అయితే, బ్లెండర్‌లో హాలు పూర్తయ్యాక ఆలోచించొచ్చు.

ల్యాప్‌టాప్ మాటకొస్తే, 4 జీబీ కార్డు మీద డీ5, లూమియన్ లాంటివి సుఖంగా నడవవు. సీన్ మొత్తం గ్రాఫిక్స్ కార్డు మెమరీలో పట్టాలి, పట్టకపోతే నత్తనడకే, లేదంటే ప్రోగ్రాం మూసుకుపోతుంది. సైకిల్స్‌నూ వీ-రేనూ ప్రాసెసర్ మీద నడిపించుకోవచ్చు. నెమ్మదే కానీ పని పూర్తవుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బొమ్మ ఉంటుంది. ఇప్పటికి ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందేమో చూసి 16 జీబీకి పెంచితే చాలు. కొత్తది ప్రాక్టికల్ ట్రైనింగ్‌కు ఆఫీసు ఖాయమయ్యాక కొనండి. ఆ ఆఫీసులో కొరోనా వాడితే డబ్బు మంచి ప్రాసెసర్ మీద, 32 జీబీ ర్యామ్ మీద పెట్టాలి, ఎందుకంటే అది గ్రాఫిక్స్ కార్డును పెద్దగా వాడుకోదు. డీ5, లూమియన్, ఎన్‌స్కేప్ అయితే కనీసం 8 జీబీ మెమరీ ఉన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు చూసుకోండి. కార్డు పేరుతో సరిపెట్టుకోకుండా దాని మెమరీ ఎంతో షాపులో అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఒకే పేరుతో 4 జీబీవీ, 6 జీబీవీ కూడా అమ్ముతుంటారు.