సందేహాలు – సమాధానాలు: క్రీములోని ‘సంరక్షకం’ దేనిని రక్షిస్తుంది?

ప్రశ్న: కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. క్రీములు, షాంపూలలో కలిపే ప్రిజర్వేటివ్‌లను ద్రవ క్రొమటోగ్రఫీతో (ద్రవ ప్రవాహంలో పదార్థాలను విడదీసే పద్ధతితో) పరీక్షించే విధానంపై తెలుగులో వ్యాసం రాసి, ‘చర్మసంరక్షక లేపనాలలోని సంరక్షకాల వర్ణలేఖన విశ్లేషణ’ అని పేరు పెట్టాను. ‘సంరక్షకం’ సరైన మాటేనా? ‘నిల్వకారకం’ మేలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: అమ్మా, మీ శీర్షికలో సంరక్షక శబ్దం రెండుసార్లు వచ్చింది. మొదటిది చర్మాన్ని కాపాడేది, రెండవది క్రీమును కాపాడేది. ఈ తేడా రసాయనశాస్త్రం చదివిన మీకు తెలుసు గాని, చదివేవారు మాత్రం పారబెన్‌ల వంటి ప్రిజర్వేటివ్‌లు కూడా చర్మానికి మేలు చేసేవే కాబోలనుకుంటారు. నీరు కలిసిన క్రీములో బాక్టీరియా, బూజు పెరగకుండా చూడటమే మిథైల్ పారబెన్, ఫినాక్సీ ఇథనాల్ వంటివాటి పని. అవి మోతాదు మించకూడదు గనుకనే, ఉదాహరణకు ఐరోపా సమాఖ్య ఫినాక్సీ ఇథనాల్‌కు 1 శాతం హద్దు పెట్టింది. పైగా మీ ఊళ్లో ఒడియా పత్రికలు చదివేవారికి ‘సంరక్షణ’ అనగానే సీట్ల రిజర్వేషన్ గుర్తుకు వస్తుంది. బరువైన సంస్కృత పదం వేస్తే చాలు శాస్త్రం వచ్చేసిందనుకునే అలవాటును మనం ఇకనైనా మానుకోవాలి.

మన చేతిలో ‘నిలు’ అనే ధాతువు ఉండగా ఇంత ప్రయాస దేనికి? తమిళంలో నిల్, కన్నడంలో నిల్లు దీని తోబుట్టువులే. నిలుచు, నిలుపు, నిలకడ, నిలువరించు, మనిషి నిలువు, నిలువుటద్దం అన్నీ ఆ కుదురు నుంచి మొలిచినవే. (‘నిలయం’ మాత్రం ఈ ఇంటిది కాదు, అది సంస్కృతం.) చలనం లేకుండా ఉండటం అనే అర్థం నుంచి, ఖర్చు కాకుండా మిగలటం అనే అర్థం పుట్టి జమాఖర్చుల పుస్తకంలో ‘నిలవ’ అయింది. తమిళులు బకాయిని ‘నిలువై’ అంటారు. చెడకుండా ఉండటం అనే అర్థం వంటింట్లో కుదిరి నిలవ పచ్చడి అయింది. ఉప్పు, నూనె, ఆవపిండి పచ్చడిలో చేసే పనినే పారబెన్ క్రీములో చేస్తోంది. ‘నిల్వ’ అన్నది మధ్య అచ్చు జారిన రూపం. దాన్ని తప్పనను గాని, నాకు ‘నిలవ’ మీదే మక్కువ.

మీ పరీక్షలోనూ ఈ ధాతువే పనికివస్తుంది. క్రీమును తూచి, మిథనాల్‌లో కలిపి, వడగట్టి, గొట్టంలోకి పంపుతారు. అందులోని సిలికా రేణువులకు పద్దెనిమిది కార్బన్ల గొలుసులు అతికి ఉంటాయి. మిథనాల్, నీరు కలిసిన ప్రవాహం ముందుకు తోస్తుంటే ఆ గొలుసులు పట్టి ఆపుతాయి. మిథైల్ పారబెన్ ముందుగా బయటపడుతుంది, తరువాత ఇథైల్, ప్రొపైల్, చివరకు బ్యూటైల్. అణువు తోక పొడుగైనకొద్దీ నిలిచే సేపు పెరుగుతుంది. మీరు ‘ధారణ సమయం’ అని రాసినదాన్ని ‘నిలుపుకాలం’ అంటే, ఎందుకు ఆలస్యమైందో మాటలోనే తెలుస్తుంది. శుద్ధమైన నమూనా నిలుపుకాలంతో సరిపోల్చి పదార్థాన్ని గుర్తించడం, యంత్రం గీసే గీతలోని శిఖరం వైశాల్యాన్ని బట్టి మోతాదు కట్టడం ఆ తరువాతి మాట.

ఇక ‘నిల్వకారకం’. ‘కారకం’ వ్యాధికారకం, హానికారకం వంటి చోట్ల సంస్కృత పదం పక్కన ఒదుగుతుంది, తెలుగు మాటకు అతికిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. వైరి సమాసమని వెనకటివారు కొట్టివేసేవారు. అయితే పర్లాకిమిడిలో ఉండి జనం మాటకే పట్టం కట్టిన గిడుగు రామమూర్తిగారిని తలచుకునే నేను, పత్రికల్లో నలుగుతున్న మాటను పూర్తిగా వెలివేయలేను. నా మొగ్గు మాత్రం ‘నిలవ రసాయనం’ వైపే. ఇందులోనూ ఒక చిక్కు లేకపోలేదు. ‘నిలవ కూర’ అంటే పాచిపోయినదనే అర్థం కూడా ఉంది కాబట్టి ‘నిలవ క్రీము’ అని మాత్రం రాయకండి, విశేషణం రసాయనం పక్కనే ఉండాలి. వాడుకలో ఇంతకంటే మంచి మాట కుదిరితే దానినే తీసుకోవచ్చు.

‘వర్ణలేఖనం’ విషయం: త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆకుల్లోని రంగులను సుద్దపొడి గొట్టంలో విడదీసి, 1906లో ఆ పద్ధతికి రంగు, రాత అనే అర్థాల గ్రీకు మాటలతో ‘క్రొమటోగ్రఫీ’ అని పేరు పెట్టాడు. మీ పారబెన్‌లకు రంగు లేదు, 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో యంత్రమే వాటిని పట్టుకోవాలి. కనుక క్రొమటోగ్రఫీ అనే ఉంచి, ‘క్రీములు, షాంపూలలో నిలవ రసాయనాలు: ద్రవ క్రొమటోగ్రఫీ పరీక్ష’ అని శీర్షిక మార్చండి.