జిమ్నీకి ఎన్ని అంగుళాల లిఫ్ట్ అని అడిగేముందు కాటా వేయించండి

బ్రదర్, మీ ప్రశ్న ఏమిటంటే మారుతి వాళ్ల ఫైవ్ డోర్ జిమ్నీకి స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని రోప్‌తో లాగే మోటారు), రూఫ్ రాక్, పైన టెంటు, డిక్కీలో డ్రాయర్లు, ఫ్రిజ్ పెట్టిస్తున్నారు, సస్పెన్షన్ ఎత్తు పెంచే లిఫ్ట్ 2 అంగుళాలు చాలా, 3 వేయించాలా అని. అంగుళాల సంగతి తర్వాత, ముందు కిలోలు చూద్దాం. నా జిమ్నీ కూడా బంపర్, వించ్ మోసుకునే వికారాబాద్ బురదలోనూ మారేడుమిల్లి ఘాట్‌లోనూ తిరుగుతోంది కాబట్టి చూసింది చూసినట్టు చెబుతా.

మాన్యువల్ గేర్ జిమ్నీ బరువు దాదాపు 1200 కిలోలు. కంపెనీ ఒప్పుకునే మొత్తం బరువు 1545. అంటే మన చేతిలో ఉన్నది 345 కిలోలు, అందులోనే మనుషులు కూడా. బంపర్, వించ్ కలిపి 75 అనుకోండి, రాక్ 25, టెంటు 55, డ్రాయర్లు, ఫ్రిజ్ 60. అక్కడికే 215 అయింది. మిగిలిన 130లో ఇద్దరు ఎక్కితే అయిపోయె, నీళ్ల క్యానుకి కూడా చోటు లేదు. ఏ లిఫ్ట్ వేసినా ఈ లెక్క మారదు. గట్టి స్ప్రింగులు వేస్తే బండి నిటారుగా నిలబడుతుంది అంతే, బ్రేకులు, యాక్సిల్, ఛాసిస్ పాతవే కదా. నన్నడిగితే టెంటు, డ్రాయర్లలో ఒకటి ఇప్పుడే వదిలేయండి. వించ్‌కి స్టీల్ రోప్ బదులు సింథటిక్ రోప్ వేయించినా ముందువైపు కొన్ని కిలోలు తగ్గుతాయి.

తర్వాత బరువు ఎక్కడ పడుతోందో చూడాలి. బంపర్, వించ్ ముందు యాక్సిల్ కంటే బాగా ముందుకి వేలాడతాయి, అందుకని 75 కిలోలు పెడితే ముందు యాక్సిల్ మీద 90 దాకా పడుతుంది, ఆ తేడా మేరకు వెనక యాక్సిల్ తేలికవుతుంది. అందుకే యాక్సెసరీలన్నీ బిగించాక ఏ రైస్ మిల్లు దగ్గరి వేబ్రిడ్జికో వెళ్లి, ముందు చక్రాలు మాత్రం ప్లాట్‌ఫామ్ మీద పెట్టి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఇంకోసారి కాటా వేయించండి. లారీల కాటా 5, 10 కిలోల మెట్లలో చూపిస్తుంది, మనకి అది చాలు. ట్యాంకు నింపుకుని, రోజూ ఎంతమంది తిరుగుతారో అంతమందితో వెళ్లండి.

స్ప్రింగులు ఎంచుకోవాల్సింది ఆ చీటీ చూసి. ఓల్డ్ మ్యాన్ ఎమూ, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు స్ప్రింగులని ఇంత అదనపు బరువుకి ఇది అని విడివిడిగా అమ్ముతాయి, ముందుకి ఒక రకం, వెనక్కి ఇంకో రకం తీసుకోవచ్చు. ఎప్పుడూ బండి మీదే ఉండే బరువునే లెక్కలోకి తీసుకోండి. ఏడాదికోసారి లదాఖ్ వెళ్లే సామాను చూసుకుని వెనక హెవీ స్ప్రింగులు వేయించారా, మిగతా రోజులంతా స్పీడ్ బ్రేకర్ దగ్గర నడుము విరుగుతుంది, రాళ్లలో చక్రం నేలని పట్టుకోకుండా ఎగురుతుంది.

కొందరు పాత స్ప్రింగు మీదే స్పేసర్, అంటే ఎత్తు కోసం పెట్టే దిమ్మ, వేస్తే చాలంటారు. మా గ్రూపులో ఒకాయన బండికి ఒక గ్యారేజీలో అలాగే వేశారు. బయట నుంచి ఎత్తుగా ఉంది, బాగుంది, కానీ వించ్ బరువుకి స్ప్రింగు ఎంత నలగాలో అంతా నలుగుతూనే ఉంది. పైగా పాత షాకబ్జర్లే ఉంచేయడంతో చక్రం కిందికి దిగేటప్పుడు వాటి పొడవు చాలక టక్ టక్‌మని కొట్టుకునేవి. స్పేసర్ ఎత్తు పెంచుతుంది, బలం పెంచదు. స్ప్రింగులతో పాటు వాటికి సరిపోయే షాకబ్జర్లు కూడా ఒకే సెట్‌గా తీసుకోండి.

ఇక అంగుళాలు. మీ బండికి 2 దాటొద్దు. జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకటే గట్టి దూలం, కాబట్టి లిఫ్ట్ వల్ల దాని మధ్యలోని డిఫరెన్షియల్ (గేర్ల గుండు) కింద నేలకి ఉన్న 210 మి.మీ. ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, అది పెరగాలంటే టైరు పెద్దది కావాలి. 195/80 తీసి 215/75 వేస్తే అక్కడ లేచేది 5 మి.మీ. మాత్రమే. లిఫ్ట్‌తో పెరిగేది బాడీ కింద ఖాళీ, వాలు ఎక్కేటప్పుడు బంపర్ తగలకుండా దొరికే కోణం. ఎత్తు పెంచేకొద్దీ ముందు క్యాస్టర్ (స్టీరింగ్‌ని నిటారుగా ఉంచే చక్రాల వాలు కోణం) తగ్గి హైవే మీద స్టీరింగ్ తేలిపోతుంది, మనం తిప్పి వదిలినా దానంతట అది మధ్యకి రాదు. యాక్సిల్ పక్కకి జరగకుండా ఛాసిస్‌కి కట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ దాన్ని ఒక పక్కకి లాగుతుంది. 2 అంగుళాలకి కూడా క్యాస్టర్ సరిచేసే బుష్‌లు (కీళ్ల దగ్గర వేసే రబ్బరు ముక్కలు) అడగండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు హోసు బిగుసుకుంటోందేమో బండి ర్యాంపు మీద ఉండగానే మీ కళ్లతో మీరే చూసుకోండి. రూఫ్ మీద టెంటుతో 3 అంగుళాలంటే ఘాట్ మలుపుల్లో పక్కకి ఒరుగుతుంది, నేనైతే ఆ పని చేయను.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కాకుండా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టండి, అప్పుడు టైరు గాలి తేడాలు లెక్కలోకి రావు. వేయించే ముందు నాలుగు మూలలా రాసుకుని, కొత్త స్ప్రింగులు కాస్త కూర్చున్నాక మళ్లీ కొలవండి.

చట్టం గొడవ కూడా ఉంది. బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది, కాబట్టి బంపర్ కొనేముందు ఇన్సూరెన్స్ వాళ్లని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఇంకొకటి, లిఫ్ట్ అయిన రోజే అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల ఫోకస్ కిందికి దింపించండి, లేకపోతే ఎదురుగా వచ్చే ప్రతివాడూ మనల్ని తిట్టుకుంటూ పోతాడు.