బరంపురం ఎంపీగా ఉన్న పీవీ నరసింహారావు ప్రాభవం ఎందుకు పోయింది?

ఒడిశాలోని మా బరంపురంలో తెలుగు కుటుంబాల పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఇది. పీవీకి సరిహద్దు దాటి గెలవడం కొత్త కాదు. 1984లో హనుమకొండలో ఓడినా, అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రామ్‌టెక్ ఆయనను లోక్‌సభకు పంపింది. మరాఠీ ధారాళంగా మాట్లాడగలగడం అక్కడ ఆయనకు కలిసివచ్చింది. 1996లో నంద్యాలతోపాటు బరంపురంలోనూ గెలిచి, బరంపురాన్నే ఉంచుకున్నారు.

అయితే అప్పటికే పతనం మొదలైంది. 1991 జూన్‌లో విదేశీ మారకం అడుగంటిన దేశాన్ని చేతిలోకి తీసుకుని, మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిగా నిలిపి సంస్కరణలు నడిపిన ఆయనకు, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేతను ఆపలేకపోవడం మాయని మచ్చ అయింది. ముస్లిం ఓటర్లు కాంగ్రెస్‌కు దూరం కావడానికి అదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం నుంచి గట్టెక్కడానికి ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బు ముట్టిందన్న కేసు ఆయనను ఏళ్ల తరబడి వెంటాడింది. 2000లో ప్రత్యేక న్యాయస్థానం దోషిగా తేల్చగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. ఈ రెండో మాటను చాలామంది మరచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1996లో కాంగ్రెస్ ఓడింది, పార్టీ అధ్యక్ష పదవీ పోయింది. 1998లో సీతారాం కేసరి నాయకత్వంలోని పార్టీ ఆయనకు టికెట్టే ఇవ్వలేదు. భారతరత్న ప్రకటన 2024లో, మరణించిన 19 ఏళ్ల తర్వాత వచ్చింది.