గంపలో మిగిలిన గుడ్లు

పాకాల

అమ్మణ్ణికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివినా. రెండోసారి పెన్సిలు పట్టుకోని చదివినా కాబట్టి కోపం తెచ్చుకోవద్దు. వాక్యం నీకు పట్టుబడింది. ముసలామె వాకిట్లో పేడనీళ్లు చల్లే నాలుగు వరసలూ నేను రాసుంటే బాగుండుననిపించింది. కోడి దగ్గర మాత్రం దొరికిపోయినావు.

"తిండీ నీళ్లూ మాని, రెక్క కదపకుండా 21 రోజులు తపస్సు చేసిన తల్లి" అని రాసినావు. ఆ కోడిని నువ్వు చూళ్లేదు. మదర్స్ డే నాటి వాట్సప్ మెసేజీలో చదివుంటావు. అందులో 21 రోజుల లెక్కొకటే నిజం. పొదగేసిన కోడి దినానికి ఒకసారన్నా గంప దిగతాది. పావుగంట, మహా అయితే అరగంట. దిగీదిగ్గానే ఒక రెట్ట వేస్తాది చూడు, మామూలు దానికి నాలుగంతలు, ముక్కు మూసుకున్నా ఆగని కంపు. గుడ్ల మీద వెయ్యకూడదని అంతసేపూ బిగబట్టుకోనుంటాది మరి. గబగబా నాలుగు నూకలు మింగి, నీళ్లు తాగి, దిబ్బలో దుమ్ము పోసుకోని, ఎవరో తరుముతున్నట్టు మళ్లా ఎక్కి కూర్చుంటాది. నీకు తపస్సు కనపడింది, రెట్ట కనపళ్లేదు. నాకు ఆ రెట్ట కావాల.

పిల్లలన్నీ పసుపు ముద్దల్లా ఉన్నాయన్నావు. పసుపు పిల్లలు ఫారాలవి, క్యాలెండర్లవి. నాటుకోడి పిల్లల్లో ఒకటి నల్లగా ఉంటే ఒకటి బూడిద రంగు, చానా వాటికి వీపు మీద ఉడతకున్నట్టు చారలు. ఆ చారలతో ఎండుగడ్డిలో నక్కితే గద్ద కంటికి ఆనవు.

ఇంకా ఉంది. కథేమో మే నెలలో పెట్టినావు, 12 గుడ్లకు 12 పిల్లల్ని దించినావు. మన వైపు కర్తరి ఎండల్లో ఊరికే ఉన్న గుడ్డులో కూడా జీవం సగం కదిలి, అంతటితో చచ్చిపోతాది. అందుకే మా అవ్వ ఎండాకాలం పొదగేసేది కాదు. వెయ్యక తప్పకుంటే, పెట్టిన గుడ్డును పెట్టినట్టే తీసి, తడి ఇసకలో కుదురుగా నిలిపిన కుండలో దాచేది. ఆ ఎండల్లో వారం దాటిన గుడ్డు కూరకే. గంప అడుగున ఇసక, ఇసక మీద ఎండుగడ్డి, గడ్డిలో ఒక బొగ్గు ముక్క, ఒక ఇనప చీల. ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా అంట. ఉరుముకు మురుగుతాయని నేను నమ్మను. చీల లేని గంపను కథలో అంతకన్నా నమ్మను.

ముసలామె చేత "ఎక్కడికి వెళ్తున్నావు" అనిపించినావు. "యాడికి పోతాండావు" అనదా ఆమె? మా పాకాల 2022లో చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది, మా నోళ్లు మాత్రం మారలేదు. అట్లాగే "ఏదో రోగంతో" రెండు పిల్లలు చచ్చిపోయినాయన్నావు. ఏదో ఏంది? మెడ మెలి తిరిగి, పచ్చగా పారుకుంటే కొక్కెర తెగులు. ఏడో దినం కంట్లో లసోటా టీకా చుక్క వేయించలేదని ఆ ముసలామె తనను తాను తిట్టుకుంటే నీ కథ ఇంకో మెట్టు ఎక్కేది. పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊర్లో చదువుకుంటాండావు, పోయి అడిగితే చెప్పేవాళ్లకు కరువా?

ఇప్పుడు అసలు సంగతి. "తల్లి ప్రేమ" అనే మాట తొమ్మిది పేజీల్లో ఏడుసార్లు వచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు జరిగింది చెప్తా, ఆ తర్వాత ఆ ఏడింటినీ ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

కోడి గంప దిగిన ఆ పావుగంటలో ఇంకో పెట్ట వచ్చి అందులోనే గుడ్డు పెట్టి పోతాది. అందుకని మొదటిరోజే గుడ్లన్నిటికీ బొగ్గుతో గీత పెట్టాల, గీత లేని గుడ్డు కనబడితే తీసెయ్యాల. కోడి పది, పదకొండు దినాలు వరసగా పెట్టిన గుడ్లు కూడా ఒకే రోజు పగులుతాయంటే, అది ఎక్కి కూర్చునే దాకా అన్నీ నిద్రలో ఉండబట్టే. తర్వాత చేరిన గుడ్డు వెనకబడుతాది. గీతలు పెట్టే పని నాది. ఆటలో పడి మరిచిపోయినా. 11 గుడ్లు 14 అయినాయి, ఎవరికీ తెలీలేదు.

ఇరవయ్యొకటో దినం తొమ్మిది పిల్లలు దిగినాయి. కోడి ఇంకో దినం కూర్చునింది. మర్నాడు పొద్దున్నే లేచి, క్లుక్ క్లుక్ మంటా తొమ్మిదింటినీ వెంటబెట్టుకోని దిబ్బ మీదికి పోయింది. గంపలో అయిదు గుడ్లు. రెండు ఊపితే గళగళమన్నాయి, మురిగిపోయినవి. మూడు బరువుగా, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒకటి చెవికి ఆనించుకున్నా. లోపల టిక్కుటిక్కుమని గీకుతాంది. ఆగి, సన్నంగా కియ్ మనింది. కోడిని పట్టుకొచ్చి గంపలో కూర్చోబెట్టినా. నా చెయ్యి రక్తమొచ్చేట్టు పొడిచి దూకేసింది. గుడ్డును గుడ్డపేలికలో చుట్టి పొయ్యిగడ్డ మీద పెట్టి పక్కనే పడుకున్నా. తెల్లారేసరికి చల్లగా ఉంది. అవ్వ ఏమీ అనలేదు. అయిదు గుడ్లనూ దిబ్బలో పూడ్చి, నూకల చేట తీసుకోని పిల్లల దగ్గరికి పోయింది.

కోడి తప్పేం లేదు. దిగిన పిల్ల కడుపులో పచ్చసొన ఇంకి ఉంటాది, రెండు దినాలు మేత లేకున్నా బతుకుతాది. ఆ రెండు దినాలే తల్లి ఆగేది. ఇంకా ఆగితే తొమ్మిదీ పస్తే. రెండు నెలలకు అదే కోడి అవే పిల్లల్ని పొడిచి తరిమేస్తాది కూడా. నీ కథ అంతకుముందే ముగిసింది. అక్కడే ముగించుకో, తప్పు లేదు. తరువాత ఏమవుతాదో తెలిసి ముగించు.

మా ఎర్రకోడి మొన్నటి నుంచి గంప వదలడం లేదు. చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడుచుకుంటాది. రొమ్ము కింద బూరు రాలిపోయి చర్మం కాలతాంది. శనివారం రాత్రి గుడ్లు పెడతా, చీకట్లోనే పెట్టాల. రా. టార్చిలైటు తెచ్చుకోని పైవారం కూడా రావాల. ఏడో రాత్రి గుడ్డును వెలుగుకు పట్టి చూస్తే సాలీడు కాళ్లు చాపినట్టు ఎర్రటి నరాలు కనబడతాయి.

బొగ్గు ముక్క నేను తీసిపెడతా. గీతలు నువ్వే పెట్టాల.

పెద్దమ్మ